‘కట్’ అన్న తరువాత

ఎతియెన్ పళ్ళెంలో మాంసానికి బదులు తెల్లని నూలు చేతొడుగుల జత ఒకటి చక్కగా మడిచి పెట్టి ఉంది.

పొగలు కక్కుతున్న గొర్రె తొడను పింగాణీ పాత్రలో పట్టుకొని వంటింట్లోంచి వచ్చిన ఒర్తాన్స్ బల్ల దగ్గర ఆగిపోయింది. ప్రతి ఆదివారమూ కొడుకింటికి వచ్చి కోడలి వంటింటిని తన అధీనంలోకి తెచ్చుకోవడం ఆవిడకు అలవాటు. తాను పెట్టని వస్తువు బల్లమీద కనబడడం మాత్రం అలవాటు లేదు.

“ఇవేమిటి?”

“చేతొడుగులు, అత్తయ్యా,” అంది జిస్లెన్.

“నాకు కళ్ళున్నాయమ్మాయ్. తిండి తినే చోట ఎందుకున్నాయని అడుగుతున్నా.”

“రేపు మీ అబ్బాయికి కావాలి. ఫిల్ము ఒట్టి చేతుల్తో పట్టుకుంటే వేలిముద్రలు పడతాయి. పాపం, తనకి తెలుసో తెలీదో. ఎప్పుడూ పట్టుకుంటే గదా!”

గురువారం నుంచి ఆ ఇంట్లో భర్త చెవిన పడేలా జిస్లెన్ పలికిన మొదటి మాటలవి.

బల్లకు అవతల కూర్చున్న గాస్పార్ ఇది వేళాకోళమనుకొని నవ్వాడు. తనతోపాటు ఎవ్వరూ నవ్వకపోవడం గమనించి, నవ్వును సగంలో మింగి, తాను తెచ్చిన మిఠాయి పెట్టె రిబ్బను ముడిని శ్రద్ధగా విప్పసాగాడు. ఈ గొడవకు మూలం అతడే. నెలనెలా వెలువడే సినిమా పత్రికలో ఎతియెన్‌తో సంభాషణ అచ్చు వేసినవాడు అతడే.

ఆ సంభాషణను జిస్లెన్ గురువారం ఉదయం రొట్టెల దుకాణం ముందు వరుసలో నిలబడి చదివింది. “నవలకు లాగే సినిమాకూ రచయిత ఒక్కడే. అతడే దర్శకుడు. తక్కిన వారంతా కలము, సిరా, కాగితము.” అంతవరకూ ఆమె ఓర్చుకున్నది. మగవాళ్ళు కాఫీ హోటళ్ళలో ఇంతకంటె పెద్ద మాటలే అంటారు. ఆ తరువాతి వాక్యాన్ని ఓర్చుకోలేకపోయింది. “ఎడిటింగ్ గదిలో నేనూ నా సినిమా, అంతే. మూడో మనిషి ఉండడు.”

ఆ గదిలో చలికాలమంతా రోజూ పొద్దున్న తాళం తీసి, సాయంత్రం తాళం వేసినది జిస్లెన్. ఎతియెన్ సినిమాలన్నిటికీ ఎడిటర్ ఆమే.

“నాలుగు మాటలు పట్టుకుని ఎన్నాళ్ళు సాధిస్తావు?” అన్నాడు ఎతియెన్. అతని గొంతులో పశ్చాత్తాపం లేదు. విసుగు ఉంది. తప్పు చేసినవాడికి విసుగుపడే హక్కు, తప్పును భరించినవారికి ఓర్చుకొనే బాధ్యత ఎవరు పంచిపెట్టారో జిస్లెన్‌కు ఏనాడూ అర్థం కాలేదు.

“సాధించడం లేదు. సాయం చేస్తున్నా. రేపు మధ్యాహ్నానికల్లా ఆఖరి రీలు బిగించాలిగా?”

“బిగించాలి. చిత్రోత్సవం వాళ్ళు సినిమా చివర్లో సాగుతోందన్నారు. రేపు పన్నెండింటికి లాబొరేటరీ మనిషి కాపీ కోసం వస్తాడు. ఆ కాపీ ప్రకారం నెగటివ్ కత్తిరించేస్తారు. ఆ తరువాత ఇంక మార్చడానికుండదు. ఇదంతా నీకు తెలుసు, జిస్లెన్!”

“నాకెలా తెలుస్తుంది? సిరా సీసాకి ఎవరైనా కబుర్లు చెబుతారా?”

“అమ్మా, చూశావా ఈవిడ వరస!”

ఒర్తాన్స్ చేతొడుగుల్ని రెండు వేళ్ళతో ఎత్తి బల్ల చివర పెట్టింది. తొడ మాంసం కోయడం మొదలుపెట్టి, కత్తి ఆపకుండానే మాట్లాడింది.

“పెళ్ళికి ముందు నేను టోపీలు కుట్టేదాన్ని, నీకు తెలుసుగా అమ్మాయ్. ఊళ్ళో పెద్ద పెద్ద ఆడవాళ్ళ నెత్తిమీద నా టోపీలుండేవి. లోపల పట్టీమీద దుకాణం ఆవిడ పేరుండేది. ఆవిడకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నేనేమన్నా పళ్ళెంలో సూదులు పెట్టానా?”

“ఆ దుకాణం ఆవిడతో మీరు కాపురం చెయ్యలేదుగా, అత్తయ్యా. రాత్రి మీ పక్కన పడుకుని ‘ఈ ఈక ఎటు పెడితే బాగుంటుంది చెప్పు’ అని మిమ్మల్ని అడిగి, పొద్దున్నే పత్రికలవాళ్ళతో ‘దుకాణంలో నేనొక్కదాన్నే’ అనలేదుగా.”

కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. ఒర్తాన్స్ కోడలి పళ్ళెంలో రెండు ముక్కలు ఎక్కువ వేసింది. అది ఒప్పుకోలో, నోరు మూయించే ఉపాయమో తెలియలేదు.

“టైటిల్స్ చూశారా మీరు?” జిస్లెన్ ఈసారి గాస్పార్ వైపు తిరిగింది. “మొదటి కార్డు నిండా ‘ఎతియెన్ మార్సియాక్ చిత్రం’ అని ఉంటుంది. నా పేరు ఎక్కడుందో తెలుసా? విగ్గులు తెచ్చినాయనకీ, గుర్రబ్బండి నడిపినాయనకీ మధ్యన. ఆ గుర్రం పేరు కూడా వేసుంటే తోడుండేది.”

“జిస్లెన్ గారూ, మీ బాధ నాకు అర్థమవుతోంది,” అన్నాడు గాస్పార్. ఏమీ అర్థం కాని వారు వాడే మెత్తని గొంతు అది. “కానీ ఇది సూత్రానికి సంబంధించిన విషయం. ఒక మనిషి సినిమాలన్నీ వరసగా చూడండి. కథలు వేరు, తారలు వేరు, పెట్టుబడిదారులు వేరు. అయినా ఏదో ఒకటి పదే పదే కనిపిస్తుంది. అది ఎవరిది? దర్శకుడిది. అతని చేతివ్రాత అది. ఉదాహరణకి ఈ సినిమాలో ఆఖరి క్లోజప్ తీసుకోండి.”

“తీసుకోండి,” అంది జిస్లెన్.

ఎతియెన్ తల ఎత్తాడు. “గాస్పార్, రొట్టె ఇటియ్యి.”

“ఉండవయ్యా. శవపేటిక వెళ్ళిపోయాక ఆ విధవరాలు కుర్చీలో కూలబడుతుంది. ఏడవదు. మాట్లాడదు. చూస్తూ ఉంటుంది, అంతే. ఆ మొహంలో ఉన్నది దుఃఖమా, విముక్తా? ఏ నటికి తనంతట తనకి వస్తుందండీ అది? ఎతియెన్ ఆ వేషం వేసిన యోలాంద్‌తో ఏమన్నాడో నేను వ్యాసంలో రాశాగా. ‘చచ్చిపోయింది నేనే అనుకుని నన్ను చూడు’ అన్నాట్ట. ఒళ్ళు జలదరించింది నాకు!”

జిస్లెన్ ముళ్ళగరిటెను పళ్ళెం అంచున పెట్టింది.

“అన్నావా, ఎతియెన్?”

ఎతియెన్ రొట్టెను చాలా చిన్న చిన్న ముక్కలుగా తుంచుతున్నాడు.

“నేను చెప్పనా?” అంది ఆమె. “ఆ షాట్ ‘కట్’ అన్న తరువాతది. మీవాడు కట్ అని అరిచి, కెమెరాకి వీపు తిప్పి, సిగరెట్టు తీశాడు. కెమెరామన్ ఏ పరధ్యానంలో ఉన్నాడో, ఆపలేదు. అంతా అయిపోయిందనుకుని ఆ అమ్మాయి కుర్చీలో కూలబడింది. ఆ ముక్క పనికిరాని ముక్కల్లో వేలాడుతుంటే తీసింది నేను. శవపేటిక వెళ్ళిపోయే సీను తరువాత పెట్టింది నేను. ధ్వని పట్టీ ఇంకా నా దగ్గరే ఉంది. అందులో మీవాడి గొంతు వినబడుతుంది. ‘చచ్చిపోయింది నేనే అనుకో’ అని కాదు. ‘అగ్గిపెట్టె ఎవరి దగ్గరుంది?’ అని.”

వీధిలోంచి చర్చి గంటలు వినవచ్చాయి.

ముందుగా తేరుకున్నవాడు గాస్పార్. సూత్రం ఉన్నవాడికి తేరుకోవడం ఎప్పుడూ సులభమే.

“అద్భుతం! అప్పుడు నా వాదానికి ఇంకా బలం వచ్చినట్టే. గొప్ప దర్శకుడి దగ్గర యాదృచ్ఛికం కూడా అతని శైలిలోనే జరుగుతుందన్నమాట!”

“అంటే నిన్న మా వీధికి బస్సు రాకపోవడం కూడా మీవాడి శైలేనా?”

“జిస్లెన్, చాలు!” అని ఎతియెన్ ఒంటికాలిమీద లేచాడు. “అతిథి ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు, సంతోషమేనా? సరే, ఆ ముక్క నువ్వే తీశావు. కానీ ఆ మొహానికి ముందు రెండు గంటల కథుంది. ఆ మొగుడెలాంటివాడో, ఆ ఇల్లెలాంటిదో, ఆ మనిషి ఏం పోగొట్టుకుందో, అదంతా రాసిందెవరు? తీసిందెవరు? అది లేకపోతే నీ ముక్కలో ఏముంది? కాళ్ళు నొప్పెట్టి కూర్చున్న ఆడమనిషి!”

ఆ మాటలో నిజముంది. జిస్లెన్‌కు అదే మంట. అతను పూర్తిగా మోసగాడై ఉంటే ఎప్పుడో పుట్టింటికి రైలెక్కి ఉండేది. అతను రాసిన దృశ్యాలు బాగుంటాయి. అందుకే ఆమె వాటికోసం తన కళ్ళు అరగదీసుకున్నది.

“నీదంతా నాదని నేనెప్పుడన్నాను?” అంది నెమ్మదిగా. “నాది కూడా నీదని నువ్వన్నావు.”

ఒర్తాన్స్ ఆఖరి ముక్క కోసి, కత్తిని తుడిచి, కూర్చున్నది.

“నాకొకటి చెప్పండి. కట్ అన్నారు కాబట్టి పని అయిపోయిందనుకుంది ఆ పిల్ల. అవునా?”

“అవునమ్మా,” అన్నాడు ఎతియెన్.

“అంటే ఎవరూ చూడటం లేదనుకుంది.”

“అనుకుంది.”

“మరి మీ ఇద్దర్లో ఎవరైనా ఆ పిల్లని అడిగారా?”

భార్యాభర్తలు గురువారం తరువాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“తను నటి, అత్తయ్యా,” అంది జిస్లెన్. “కెమెరా ముందు కూర్చోవడమే తన పని.”

ఆ మాట బయటికి వచ్చాక దాని ధ్వని ఆమెకే నచ్చలేదు. ఆ గొంతు ఎక్కడో విన్నట్లు అనిపించింది. ఎక్కడో ఆలోచించే లోపే ఎతియెన్ బల్ల చివరనున్న చేతొడుగుల్ని లాక్కొని, టోపీ తీసుకొని, తలుపును ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

మాంసం చల్లారింది. గాస్పార్ ఒక్కడే భోజనం చివర వడ్డించే చీజ్ దాకా తిన్నాడు.

* * *

ఎతియెన్ ఆ రాత్రి ఇంటికి రాలేదు.

సోమవారం ఉదయం జిస్లెన్ స్టూడియో ఉన్న బియాంకూర్‌కు వెళ్ళే మెట్రో ఎక్కినప్పుడు, తాను భర్త కోసం వెళ్ళడం లేదని తనకు తాను గట్టిగా చెప్పుకున్నది. సినిమా కోసం వెళ్తున్నది. చంటిపిల్ల ఏడుస్తూంటే తండ్రితో పంతం ఉన్నదని తలుపు మూసుకొని కూర్చోలేము కదా. అతనొక్కడే ఆ గదిలో రాత్రంతా కత్తెర పట్టుకొని కూర్చున్నాడన్న ఊహ ఆమెను ఇంట్లో నిలవనీయలేదు.

ఊహించినంతా జరిగింది.

పాత సోఫామీద అతని కోటు ఉండలా నలిగి ఉంది. నేలమీద ఫిల్ము చుట్టలు చుట్టలుగా పడి ఉంది. ఎతియెన్ ఎడిటింగ్ యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు. చేతొడుగులు ఆమె కొలతవి. అతని చేతులకు చాలక వేళ్ళ కొసలన్నీ పిగిలి, గోళ్ళు బయటికి వచ్చాయి. వేరే సమయమైతే ఆమె నవ్వి ఉండేది.

“అయిందా?”

“అయింది. బిగించాను. ఇప్పుడెవరూ సాగుతోందనలేరు.”

జిస్లెన్ రీలును వెనక్కి తిప్పి యంత్రంలో పెట్టింది. చిన్న తెరమీద శవపేటిక మెట్లు దిగింది. గుర్రబ్బండి కదిలింది. ఇంటి తలుపు మూసుకున్నది. ఖాళీ వీధి. తరువాత తెల్లని ఫిల్ము.

“మొహం ఏది?”

ఎతియెన్ గోడవైపు చూశాడు. పనికిరాని ముక్కల్ని తగిలించే కొక్కేల్లో చివరిదానికి ఒక్క పొడుగాటి ముక్క వేలాడుతోంది. దాని కొస కింది గుడ్డసంచీలోకి జారి ఉంది.

“తీసేశావా?”

“నాది కాదన్నావుగా. నాది కానిది నా సినిమాలో ఎందుకు?”

“మతి పోయిందా నీకు!”

“ఎందుకు పోయింది? న్యాయం కావాలన్నావు, ఇదిగో న్యాయం. సిరా సీసా రాసిన వాక్యం కొట్టేశా. మిగిలిందంతా నాదే. ఇప్పుడు ‘ఎతియెన్ మార్సియాక్ చిత్రం’ అంటే అక్షరాలా నిజం. ఇంకేం కావాలి?”

“నిజమే. చచ్చిన సినిమా. అచ్చంగా నీదే!”

“బతికించమని నిన్నెవరడిగారు?”

“తెల్లారేదాకా ఆ దరిద్రపు సోఫామీద పొర్లాడింది నేనొచ్చి బతికిస్తాననే కాదూ? మళ్ళీ చూద్దామా? రా. ఇలా వచ్చి కూర్చుని చూడు. కళ్ళు తిప్పుకోకు.”

ఆమె రీలును మళ్ళీ తిప్పింది. తలుపు మూసుకున్నది. ఖాళీ వీధి. తెలుపు. అప్పటివరకూ నడిచిన కథ ఒక్కసారిగా చేతిలోంచి జారిన గాజుగిన్నె లాగా అయిపోయింది. ఎవరి ఇల్లు అది? ఎవరు పోయారు? పోతే ఎవరికేమి? అడగడానికి మొహం లేదు.

ఎతియెన్ పిగిలిపోయిన చేతొడుగుల్ని ఒక్కొక్క వేలు చొప్పున ఊడదీశాడు.

“పెట్టెయ్యి,” అన్నాడు చివరకు.

“ఏమిటి?”

“వినబడింది నీకు. తిరిగి పెట్టెయ్యి.”

“ఎవరి పేరు మీద?”

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద ఆవరణలో ఎవరో పలకలు దించుతున్నారు. జిస్లెన్ కూర్చున్న చోటు నుంచి కదలలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఇద్దరి మధ్యా మౌనాన్ని ఎప్పుడూ తనే ముందు తెంచింది. ఈసారి తెంచదలుచుకోలేదు.

అతను టెలిఫోను అందుకున్నాడు. టైటిల్స్ రాసే చిత్రకారుడి నంబరు అడిగాడు.

“ఆ, నేనే, మార్సియాక్‌ని. మొదటి కార్డు మార్చాలండీ... తెలుసు, రంగు ఆరిపోయిందని తెలుసు, మళ్ళీ రాయండి... రెండు పేర్లు. ఒకే వరసలో. ఒకే అక్షరాలు. ‘ఎతియెన్ మార్సియాక్, జిస్లెన్ మార్సియాక్‌ల చిత్రం.’”

“లె గోఫ్,” అంది జిస్లెన్.

అతను టెలిఫోనును చేత్తో మూశాడు. “ఏమిటీ?”

“జిస్లెన్ లె గోఫ్.”

“పుట్టింటి పేరా? నా పేరుకేమొచ్చింది?”

“నీ ఇంటిపేరు ఒకే కార్డుమీద రెండుసార్లు పడితే, రెండోది మొదటిదాని నీడ అనుకుంటారు.”

“దేవుడా! వేలిస్తే...” అని ఏదో అనబోయి, ఆమె కళ్ళు చూసి ఆగిపోయాడు. “లె గోఫ్ అండీ,” అన్నాడు టెలిఫోనులోకి. “అవును. నా భార్యే. కాదు, విడిపోలేదు. ఇంకా.”

టెలిఫోను పెట్టేశాడు. గెలిచినందుకు సంతోషం కలుగుతుందని జిస్లెన్ అనుకున్నది. కలగలేదు. ఎప్పటినుంచో రావలసిన వస్తువును చేతికిచ్చి, రశీదు అడిగినట్లు అతను నిలుచున్నాడు. ఆమె కొక్కెం మీది ముక్కను ఒట్టి చేతుల్తోనే తీసి, అంచులు సరిచూసి, ఖాళీ వీధి ముగిసిన చోట అతికించసాగింది.

అతుకు ఆరకముందే తలుపు తెరుచుకున్నది.

లాబొరేటరీ మనిషి కాదు. యోలాంద్.

తెరమీద విధవరాలిగా కనిపించే ఆ అమ్మాయి బయట ఇంకా చిన్నదానిలా ఉంటుంది. తలకు రుమాలు కట్టుకొని ఉంది. చేతిలో గాస్పార్ పత్రిక ఉంది. చుట్టగా చుట్టి, ఎవరినో కొట్టడానికి తెచ్చినట్లు పట్టుకున్నది.

“తలుపు బయట నించున్నా,” అంది. “మీ టెలిఫోను అయ్యేదాకా ఆగా. ఎతియెన్ గారూ, ‘చచ్చిపోయింది నేనే అనుకుని నన్ను చూడు’ అని మీరు నాతో ఎప్పుడన్నారు?”

“యోలాంద్, ఆ పత్రికలవాళ్ళు ఏదో ఒకటి...”

“మీరనలేదు. మీరు ‘కట్’ అన్నారు. ‘అమ్మాయ్, ఇవాళ్టికి చాలు’ అన్నారు. నిన్న నా స్నేహితురాలు ఇది చదివి, ఆ మొహం ఎంత బాగా చేశావే అంటుంటే, ఏ మొహమో నాకే అర్థం కాలా. ఏమిటది? నేను చూడాలి.”

ఎతియెన్ జేబులు తడుముకున్నాడు. “జిస్లెన్ చూపిస్తుంది. నేను... కింద కాఫీ చెప్పి వస్తా. ముగ్గురికీ.” కోటు కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు. ఎడిటింగ్ గదిలో మూడో మనిషి ఉండడని రాయించుకున్నవాడు, ఇద్దరాడవాళ్ళనూ అందులో వదిలి పారిపోయాడు.

జిస్లెన్ రీలును తిప్పింది.

తలుపు మూసుకున్నది. ఖాళీ వీధి. ఆ తరువాత యోలాంద్ మొహం. కుర్చీలో కూలబడి, ఒక చెప్పును కాలితోనే విడిచి, ఎక్కడో చూస్తూ. నిమిషం కూడా నిండని ముక్క. చూసిన ప్రతిసారీ జిస్లెన్ కళ్ళు దానికే అతుక్కుపోతాయి. ఈసారి ఆమె తెరను చూడలేదు. పక్కన నిలబడిన మనిషిని చూసింది.

యోలాంద్ రుమాలు ముడి విప్పుకొని, మళ్ళీ కట్టుకున్నది.

“ఆ రోజు పొద్దున,” అంది, తెరమీదినుంచి కళ్ళు తిప్పకుండా, “నా పాపని పల్లెలో ఒకళ్ళకి పెంపకానికి అప్పజెప్పి, తిన్నగా ఇక్కడికొచ్చా. నాకో పాపుందని ఇక్కడెవరికీ తెలీదు. దానికి తండ్రి పేరు లేదు. రోజంతా మీవాడు చెప్పినట్టల్లా ఏడ్చా, చెప్పినట్టల్లా లేచా, కూర్చున్నా. కట్ అన్నాక, హమ్మయ్య, ఇంక ఈ మొహం నాది అనుకున్నా.”

యంత్రం ఆగింది. తెల్లని తెర వెలుగుతోంది.

“తీసెయ్యండి, మదాం.”

జిస్లెన్ రీలుమీద చెయ్యి వేసింది. “యోలాంద్, అది లేకపోతే సినిమా లేదు. ఒట్టు. తీసి చూశాం. నీ పేరు ఎన్నేళ్ళయినా నిలబడుతుంది దాంతో. అందులో ఏముందో చూసేవాళ్ళకి తెలీదు. పాప సంగతి ఎవరికీ తెలీదు. వాళ్ళకి కనిపించేది ఒక విధవరాలు...”

“నాకు తెలుస్తుందిగా.”

“నీకు అర్థం కావడం లేదు. పారేసిన ముక్కల్లోంచి దాన్ని కనిపెట్టింది నేను...”

“కనిపెట్టకముందు అది ఎక్కడుందండీ? ఎవరి దగ్గరుంది?”

నిన్న బల్ల దగ్గర తన నోట విన్న గొంతు ఎవరిదో జిస్లెన్‌కు ఇప్పుడు తెలిసింది. అది ఎతియెన్ గొంతు. నేనూ నా సినిమా, అంతే. మూడో మనిషి ఉండడు.

కింద ఆవరణలో బండి ఆగిన చప్పుడయింది. మెట్లమీద బరువైన అడుగులు పడుతున్నాయి. కాఫీ గిన్నెలు మోసేవాడి అడుగులు కావు అవి. ఫిల్ము డబ్బాలు మోసి అలవాటైనవి.

“లాబొరేటరీ అతను,” అంది జిస్లెన్. “యోలాంద్, ఎతియెన్‌ని రానీ. ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం. ఇది తేల్చవలసింది దర్శకుడు...”

ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకు తెలియలేదు. వచ్చేసింది.

యోలాంద్ ఆమెను వింతగా చూసింది. బల్లమీదున్న కత్తెర తీసి, పిడి జిస్లెన్ వైపు ఉండేలా తిప్పి, ఆమె ఒట్టి అరచేతిలో పెట్టింది.

“ఇందాక తలుపవతల విన్నాను మదాం. ఒకే వరసలో, ఒకే అక్షరాల్లో మీ పేరు కూడా పడుతోందటగా,” అంది. “అయితే మిమ్మల్నే అడగాలి.”

లాబొరేటరీ మనిషి తలుపు తట్టాడు.